మబ్బెక్కడో... వరదెక్కడో!

గురువారం రాత్రి. పత్తి రెండో తీత పూర్తయింది. మిరప తొలి కోతకు ఇంకా వారం పది రోజులుంది. ఇంట్లో అందరూ కలిసి తీరిగ్గా అన్నం తింటున్న సమయం చూసి, ఇంజినీరింగ్ చదువుతున్న కొడుకు నెమ్మదిగా మాట కదిలించాడు.

''నాన్నా, శనివారం కారు కావాలి. గండికోట వెళ్తున్నాం. నలుగురం.''

''ఎప్పుడొస్తారు?''

''ఆదివారం రాత్రికి.''

''ఎక్కడ పడుకుంటారు?''

''అక్కడికెళ్లాక చూసుకుంటాం.''

''లోయలోకి దిగుతారా?''

''వీలైతే దిగుతాం. తాడు కూడా ఉంది... మన బోరు మోటారు దించే నైలాన్ తాడు.''

తండ్రి ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. ''చూసుకుంటాం, వీలైతే... ఈ రెండు మాటలు నమ్ముకుని మనం మిరపనారు కూడా కొనం కదరా! మనిషి ప్రాణానికి సరిపోతాయా?''

ఇది ఏదో ఒక్క ఇంటి సంగతి కాదు. పెదనందిపాడులోనో, చిలకలూరిపేటలోనో, అద్దంకిలోనో ఏ ఇంట్లోనైనా జరిగే సంభాషణే. కనుచూపు మేర నల్లరేగడి చేలు తప్ప ఎత్తుపల్లాలు ఎరగని నేల మనది. కోటప్పకొండ, కొండవీడు తప్ప తలెత్తి చూసే కొండలు కూడా తక్కువే. అందుకేనేమో, అగాధమంత లోయ ఫొటో ఫోన్‌లో కనిపిస్తే చాలు... కుర్రకారు మనసు అటు పరుగెడుతుంది. వెళ్లాలనుకోవడం తప్పేమీ కాదు. కాకపోతే, ఆరు నెలల పంటకు వేసే లెక్క రెండు రోజుల విహారానికీ వేయాలి. ఆ లెక్క ఎలా ఉండాలో చూద్దాం.

లోయలో నడక... అదో ఆట!

కొండ ఎక్కడం అందరికీ తెలుసు. ఇది దానికి తిరగేసిన ఆట. నది కోసిన ఇరుకు లోయలోకి పైనుంచి దిగి, నడుస్తూ, బండలు దాటుతూ, అవసరమైన చోట తాడు పట్టుకుని జారుతూ, మడుగులుంటే ఈదుతూ అవతలి వైపు తేలడం. అమెరికాలో దీన్ని కాన్యనీరింగ్ అంటారు, యూరప్‌లో కాన్యనింగ్. ఉటా, అరిజోనా ఎడారుల్లో వారాంతం వచ్చిందంటే దీనికోసమే బయల్దేరేవాళ్లున్నారు. అక్కడ ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు పంపే ఫొటోల్లో ఎర్రటి రాతిగోడల మధ్య నిలబడి నవ్వుతున్నవి ఒకటి రెండైనా ఉంటాయి.

ఈ ఆటలో ఒక చిక్కుంది. కొండ ఎక్కేవాడు అలసిపోతే వెనక్కి దిగిపోవచ్చు. లోయలో తాడు మీద దిగి, ఆ తాడు లాగేసుకున్నాక వెనక్కి వెళ్లే దారి ఉండదు. ముందుకే పోవాలి. అందుకే ఇందులో ధైర్యం కన్నా ముందు కావలసింది ప్రణాళిక.

మన దగ్గరి లోయ

మన నేలకు అందుబాటులో, ఆ ఎడారి లోయల పోలిక ఉన్నది గండికోటే. కడప జిల్లా జమ్మలమడుగుకు 15 కిలోమీటర్ల దూరంలో, ఎర్రమల కొండలను పెన్నా నది నిలువునా చీల్చుకుంటూ పోయే చోటు. గోడల ఎత్తు దాదాపు 300 అడుగులు. ఆ ఎర్రటి రాయిని చాలామంది గ్రానైట్ అనుకుంటారు కానీ అది క్వార్ట్‌జైట్. ఒకప్పటి ఇసుకే కోట్ల ఏళ్లలో గట్టిపడి ఇలా పొరలు పొరలుగా, ఇటుకలు పేర్చినట్టు రాయైంది. గండి పక్కన కోట కాబట్టి గండికోట. పెమ్మసాని నాయకుల ఏలుబడిలో వెలిగిన ఈ దుర్గాన్ని తర్వాత గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ ఇక్కడికే వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. మాధవరాయ స్వామి ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం ఇప్పటికీ చూడొచ్చు.

ఒకటి మాత్రం ముందే చెప్పుకోవాలి. కుటుంబంతో వెళ్లేవారికి గండికోట అంటే పైఅంచు మీద నడక, కోట, సూర్యోదయం. శిక్షణ లేకుండా తాడు కట్టుకుని దిగే చోటు కాదది. బోరు మోటారు తాడు మోటారు బరువు కోసమే. రాతి అంచుకు ఒరుసుకుంటూ మనిషి వేలాడితే అది ఎక్కడ తెగుతుందో ఎవరూ చెప్పలేరు. లోయల్లో దిగేవారు వాడే తాడు వేరు. అది ఎక్కువ సాగదు, ఒరిపిడికి తట్టుకుంటుంది. నడుముకు హార్నెస్, తలకు హెల్మెట్, వేగాన్ని అదుపు చేసే డిసెండర్... ఇవన్నీ ఉండాలి. వీటన్నిటికన్నా ముందు, తాడు ఏ బండకు ఎలా కట్టాలో తెలిసిన శిక్షకుడు ఉండాలి. ఆ మనిషి లేకపోతే తాడు ఇంట్లోనే ఉండటం మంచిది.

కల్లం లెక్క అక్కడ పనికిరాదు

కల్లంలో మిరపకాయలు ఆరబోసిన రైతుకు మబ్బు గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పడమట నల్లబడితే చాలు, ఇంటిల్లిపాదీ పట్టాలు పట్టుకుని పరుగెడతారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మిర్చి, పత్తి రైతులు పడ్డ కష్టం ఎవరు మర్చిపోతారు? అయితే ఆ అనుభవమంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది. నెత్తిన మబ్బుంటే భయం, లేకపోతే నిశ్చింత.

లోయలో ఈ సూత్రం తలకిందులవుతుంది. అక్కడ నెత్తిన నీలాకాశం ఉండగానే వరద రావచ్చు. ఎందుకంటే ఎక్కడో పైన పదుల కిలోమీటర్ల దూరంలో కురిసిన వానంతా ఆ ఇరుకు సందులోకే రావాలి. మట్టినేలైతే కొంత పీల్చుకుంటుంది. రాతినేల ఏమీ పీల్చుకోదు. చేలో మోకాటి లోతు పారే నీరే రాతిగోడల మధ్యకొచ్చేసరికి రెండు నిలువుల ఎత్తు లేస్తుంది. మట్టిని, దుంగలను, బండలను మోసుకొస్తుంది. ఈతొచ్చినా లాభం లేదు.

1997 ఆగస్టు 12న అరిజోనాలోని యాంటిలోప్ కాన్యన్‌లో జరిగింది ఇదే. లోపల పర్యాటకులున్న చోట చెప్పుకోదగ్గ వానే లేదు. వాన ఎగువన ఎక్కడో కురిసింది. ఆ నీరు ఒక్కసారిగా దూసుకొచ్చి 11 మందిని బలి తీసుకుంది. బతికి బయటపడింది గైడ్ ఒక్కడే. 1999 జులై 27న స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్ దగ్గర సాక్సెట్‌బాక్ వాగులో కాన్యనింగ్‌కు దిగిన 21 మంది ఇలాగే హఠాత్తుగా వచ్చిన వరదలో చనిపోయారు. వారిలో ముగ్గురు గైడ్లు. అంటే పక్కన గైడ్ ఉన్నంత మాత్రాన వరద ఆగదు. ఆకాశం అనుమానంగా ఉన్న రోజు దిగకపోవడమే అసలైన రక్షణ.

అంత దూరం ఎందుకు? 2021 నవంబరు 19 తెల్లవారుజామున ఉమ్మడి కడప జిల్లాలోనే, పెన్నాకు ఉపనది అయిన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. నిద్రలో ఉన్న పల్లెల మీదికి నీళ్లొచ్చాయి. ఎన్నో ప్రాణాలు పోయాయి. ఏడాదంతా ఇసుక తప్ప నీరు కనిపించదని చెప్పుకునే సీమ నదుల అసలు స్వభావం అది. కరువు నేల కదా, నీళ్లెక్కడివిలే అనుకోవడమే అక్కడ మొదటి పొరపాటు.

వాన లేకపోయినా...

గండికోట విషయంలో ఇంకో మెలిక ఉంది. పెన్నా పుట్టేది కర్ణాటకలోని నంది కొండల్లో. అనంతపురం మీదుగా వచ్చే ఈ నదిలో గండికోట దగ్గరే చిత్రావతి కలుస్తుంది. అంటే అక్కడి వాతావరణం తెలుసుకోవాలంటే జమ్మలమడుగు ఒక్కటి చూస్తే చాలదు. అనంతపురం, సత్యసాయి జిల్లాల వైపూ చూడాలి.

అది కాక, లోయకు ఎగువన గండికోట జలాశయం ఉంది. దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు. గాలేరు-నగరి పథకం కింద శ్రీశైలం నుంచి కృష్ణా జలాలు గోరకల్లు, అవుకుల మీదుగా ఇక్కడికి చేరతాయి. లోయకు దిగువన మైలవరం జలాశయం ఉంది. పైనుంచి కిందికి నీళ్లు వదిలితే అవి లోయలోంచే వెళ్లాలి. అంటే సీమలో చుక్క వాన పడకపోయినా లోయలో నీటిమట్టం మారవచ్చు! ఉదయం నడిచి దాటిన బండలు సాయంత్రానికి నీళ్లలో ఉండొచ్చు. కాబట్టి కిందికి దిగే ముందు జలాశయం నుంచి నీళ్లు వదులుతున్నారా అని అక్కడి అధికారులనో, పోలీసులనో, కనీసం ఊరివాళ్లనో అడగాలి. 'నిన్న ఎవరో దిగారట' అన్న మాట ఈ రోజుకు భరోసా కాదు.

ఏ నెల మంచిది?

ఎండాకాలం వద్దు. మే నెలలో ఆ రాయి పెనంలా కాలుతుంది. జూన్ నుంచి డిసెంబరు తొలి వారాల వరకూ ఒకసారి నైరుతి, మరోసారి ఈశాన్యం, మధ్యలో తుపాన్లు. ఇక మిగిలింది డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు. పత్తి తీతకూ మిరప కోతకూ మధ్య దొరికే ఖాళీ కూడా దాదాపు అప్పుడే. సంక్రాంతి సెలవుల్లో అక్కడ జనం ఎక్కువ. పండగ దాటాక వచ్చే వారాంతం అన్నివిధాలా అనుకూలం. మిర్చి యార్డుకు శని, ఆదివారాలు సెలవే కాబట్టి టిక్కీలు తోలే తొందర కూడా ఉండదు.

రెండు రోజుల లెక్క

గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, కంభం, గిద్దలూరు, నంద్యాల మీదుగా జమ్మలమడుగు సుమారు 350 కిలోమీటర్లు. ఆగుతూ వెళ్తే ఎనిమిది గంటలు పడుతుంది. శుక్రవారం రాత్రి పని ముగించుకుని అప్పటికప్పుడు కారెక్కడం చాలామంది చేసే పని. నిజానికి ఈ విహారం మొత్తంలో పెద్ద ప్రమాదం లోయ కాదు, నిద్రమత్తులో స్టీరింగే. రాత్రి హాయిగా పడుకుని శనివారం తెల్లవారుజామున 5 గంటలకు బయల్దేరండి. గిద్దలూరు దాటాక వచ్చే నల్లమల ఘాట్ పగటి వెలుగులో దాటొచ్చు. కారు లేనివారు గుంటూరు-నంద్యాల రైలు మార్గాన్ని నమ్ముకోవచ్చు. నంద్యాల-ఎర్రగుంట్ల లైను 2016లో మొదలయ్యాక జమ్మలమడుగుకూ స్టేషను వచ్చింది.

మధ్యాహ్నం మూడింటికల్లా గండికోట చేరితే కోట చూడటానికి, అంచు దగ్గర సూర్యాస్తమయానికి సరిపోతుంది. చలికాలంలో ఆరింటికల్లా చీకటి పడుతుంది. అంచుకు చాలాచోట్ల కంచె లేదు. కాబట్టి పొద్దు కుంకగానే వెనక్కి వచ్చేయాలి. బస మాత్రం ముందే మాట్లాడుకోవాలి. పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, గుడారాలు అద్దెకిచ్చేవారూ ఉన్నారు. 'అక్కడికెళ్లాక చూసుకుంటాం' అంటే వారాంతంలో కారులోనే పడుకోవాల్సి రావచ్చు.

ఆదివారం తెల్లవారగానే సూర్యోదయం. తర్వాత నడక. ఊరి మనిషిని తోడు తీసుకుని కొంత కిందికి దిగాలనుకునేవారు ఒక్క నియమం పెట్టుకోవాలి. దిగడం మొదలుపెట్టకముందే వెనక్కి తిరిగే టైము నిర్ణయించుకోవడం. తొమ్మిదింటికి తిరగాలనుకుంటే, నీళ్లు ఇంకో ఇరవై అడుగుల దూరంలోనే ఉన్నా సరే, తిరగాల్సిందే. దిగడానికి అరగంట పడితే ఎక్కడానికి గంట పైనే పడుతుంది. పైగా అప్పటికి ఎండ కూడా ముదురుతుంది. ఈతకు మాత్రం దిగవద్దు.

పదకొండింటికల్లా బయల్దేరితే దారిలో కొలిమిగుండ్ల దగ్గర బెలూం గుహలు చూడొచ్చు. 3,229 మీటర్ల పొడవున్న ఈ గుహల సంగతి 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాశాడు. 1982-83లో జర్మన్ బృందం లోపల కొలతలు తీసింది. 2002 నుంచి సందర్శకులను అనుమతిస్తున్నారు. దీపాలు, దారులు ఉన్నాయి కాబట్టి నేల లోపలికి దిగిన అనుభూతి పెద్దవారికీ పిల్లలకూ భద్రంగా దక్కుతుంది. మూడింటికి అక్కడి నుంచి కదిలితే రాత్రి పది, పదకొండుకల్లా గుంటూరు.

సంచిలో ఏముండాలి?

నడిచే రోజు మనిషికి మూడు నుంచి నాలుగు లీటర్ల నీళ్లు. అక్కడ దొరుకుతాయిలే అనుకోవద్దు. పులిహోర, చపాతీలు, నువ్వుండలు, పల్లీ పట్టీలు, మజ్జిగలో కలుపుకునే ఉప్పు. చెప్పులు కాదు, పట్టున్న బూట్లు. టార్చిలైటు, అదనపు బ్యాటరీలు. ఒక విజిల్. లోయలో గొంతు చించుకుని అరిచినా వినపడని చోట విజిల్ వినపడుతుంది. కట్టు గుడ్డ, యాంటీసెప్టిక్, రోజూ వేసుకునే మందులు. ఫోన్ ఉండాలి కానీ సిగ్నల్ ఉంటుందన్న భరోసా పెట్టుకోకూడదు.

రెండు వారాల ముందు ఒక సాధన కూడా చేయండి. ఇదే సంచి, ఇవే బూట్లతో ఒక ఆదివారం కొండవీడు కోట ఎక్కి దిగండి. లేదంటే నల్లమల ఒడిలోని భైరవకోనకు వెళ్లండి. రాతిని తొలిచిన ఎనిమిది గుహాలయాలు, పక్కనే జలపాతం ఉంటాయి. ఎవరి మోకాలు సహకరిస్తుందో, ఎవరి బూటు కరుస్తుందో ఇంటి దగ్గరే తెలిసిపోతుంది.

గోడ మీద కాగితం

ఇన్ని చెప్పుకున్నా, పైసా ఖర్చు లేనిదీ అందరూ మర్చిపోయేదీ ఒకటుంది.

2003 ఏప్రిల్ 26న అమెరికా యువకుడు ఆరన్ రాల్‌స్టన్ ఉటాలోని బ్లూజాన్ కాన్యన్‌కు ఒంటరిగా వెళ్లాడు. కొండలెక్కడంలో ఆరితేరినవాడు. ఒక బండ దొర్లి అతని కుడిచేతిని గోడకేసి నొక్కేసింది. అయిదు రోజులు అలాగే ఇరుక్కుపోయాడు. ఎవరైనా వెతుక్కుంటూ వస్తారన్న ఆశ కూడా లేదు. ఎందుకంటే ఎక్కడికి వెళ్తున్నాడో ఒక్కరికీ చెప్పలేదు. చివరికి తన చేతిని తానే కోసుకుని బయటపడ్డాడు. 2010లో వచ్చిన '127 అవర్స్' సినిమా ఆయన కథే. అతనికి తెలియని విద్య లేదు. చేయనిదల్లా ఇంట్లో ఒక చీటీ రాసిపెట్టడం.

ఆ చీటీలో ఏముండాలి? ఎవరెవరు వెళ్తున్నారు, వారి ఫోన్ నంబర్లు, కారు నంబరు, ఏ దారిన పోతారు, ఎక్కడ పడుకుంటారు, లోయలోకి దిగితే ఎన్నింటికి దిగి ఎన్నింటికి పైకొస్తారు, ఇంటికి ఎప్పుడు చేరతారు. చివరగా అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం: 'ఈ గంట దాటినా మా నుంచి ఫోన్ రాకపోతే 112కు చెప్పండి.' ఆ గంట రాయకపోతే ఇంట్లోవాళ్లు 'వస్తారులే' అనుకుంటూ తెల్లవార్లూ కూర్చుంటారు. ఆ గంట రాసి ఉంటే సందేహం ఉండదు. ప్లాను మారితే మొదట ఫోన్ చేయాల్సింది కూడా ఆ చీటీ ఉన్న ఇంటికే.

* * *

మళ్లీ ఆ ఇంటికే వద్దాం. గురువారం రాత్రి మొదలైన మాట శుక్రవారం సాయంత్రానికి తేలింది. తాడు మళ్లీ బోరు షెడ్డులోకి వెళ్లింది. హోటల్లో రెండు గదులు ఖాయమయ్యాయి. అనంతపురం వైపు వాన కబుర్లు లేవని కొడుకు ఫోన్‌లో చూసి చెప్పాడు. ''డ్యామ్ నుంచి నీళ్లు వదులుతున్నారేమో హోటలు వాళ్లను కూడా అడిగాను నాన్నా. లేదన్నారు. రేపు వెళ్లాక మళ్లీ అడుగుతాం'' అన్నాడు, అడగకుండానే. తండ్రి ఏమీ అనలేదు. లోపలికెళ్లి కారు తాళాలు తెచ్చి చేతిలో పెట్టాడు.

చీటీ గోడ క్యాలెండరుకు గుచ్చారు. నాయనమ్మకు చదువు రాదు. మనవణ్నే పిలిచి చదివించుకుంది. అంతా విని, ''ఆదివారం రాత్రి పదకొండు... అంతేనా? సరే, అప్పటిదాకా పడుకోను'' అంది.

శనివారం తెల్లవారుజామున కారు కదులుతుంటే కుర్రాడు అద్దం దించి ''వెళ్తున్నాం'' అనబోయాడు. గుమ్మంలోంచి ఆమె ఊరుకోలేదు. ''అలా అనకూడదురా అబ్బాయ్... వెళ్లొస్తాం అనాలి.''

పెద్దవాళ్లు ఆ మాటను ఎందుకలా అనమంటారో చాలామంది ఆలోచించరు. వెళ్లడం సగమే, తిరిగి రావడంతోనే ప్రయాణం పూర్తవుతుందని అందులోనే ఉంది. ఏ లోయకు వెళ్లినా, ఏ కొండకు వెళ్లినా ముందు వేసుకోవాల్సిన ప్లానంతా ఆ ఒక్క మాట కోసమే.